డబ్బాలో రాకెట్టు: పాత నెగటివ్‌ల స్కానింగ్ డైరీ

1వ రోజు

మొత్తానికి ఇవాళ డబ్బా తెరిచా. బిస్కెట్ల రేకు డబ్బా, మూత తుప్పు పట్టి స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే గాని రాలా. లోపల 1978 నుంచి 1981 దాకా నేను తీసిన నెగటివ్‌లు, కొన్ని బటర్ పేపర్ కవర్లలో, కొన్ని పాత న్యూస్ పేపర్లో చుట్టి, రెండు మూడేమో ఊరికే చుట్టలు చుట్టి పడేసి ఉన్నాయి. తెరవగానే వెనిగర్ వాసన. అంటే ఫిల్మ్ బేస్ విడిపోవడం మొదలైందన్నమాట, అసిటేట్ ఫిల్ములకి ముసలితనంలో వచ్చే జబ్బు ఇది, ఒకదాన్నుంచి పక్కదానికి కూడా అంటుకుంటుంది. ఇంకో ఐదేళ్లు ఆగుంటే స్కాన్ చేసుకోవడానికి ఏం మిగిలేది కాదేమో. వాసన ఎక్కువ కొట్టే వాటిని వేరే కవర్లో పెట్టా.

నేను పెరిగింది సూళ్లూరుపేటలో. నాన్న రైల్వే. మా మిద్దె మీద నిలబడి తూర్పుకి చూస్తే పులికాట్ చెరువు వైపు ఆకాశం, దానవతల శ్రీహరికోట. పదిహేనేళ్లకి మా మామ నాకో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఇచ్చాడు, ఆ రోజుల్లో అది తెలియని వాళ్లు లేరు, నల్ల డబ్బా, లెన్సు దగ్గర ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, ఇంకేం లేవు. 120 రోలుకి 12 ఫోటోలు, చదరంగా 6 బై 6. ఆ కెమెరాతో నేను రాకెట్ ఫోటో తీశా. 1980 జులై 18, ఎస్ఎల్‌వీ 3, మన సొంత రాకెట్‌తో మన సొంత రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లిన రోజు. ఆ ఫోటో మా ఇంటి ఆల్బంలో నలభై ఏళ్లుగా ఉంది, నా పెళ్లి చూపుల్లో కూడా చూపించారు. ఇప్పుడా ప్రింటు గోధుమ రంగుకి తిరిగిపోయింది కాబట్టి అసలు నెగటివ్ వెతికి మంచిగా స్కాన్ చేసి పెద్ద ప్రింట్ వేయాలనేది ఈ ప్రాజెక్టు. రిటైరయ్యాక ఏదో ఒకటి పెట్టుకోవాలి కదా.

2వ రోజు

స్కానర్ కొనలేదు, మా అబ్బాయి వాడకుండా వదిలేసిన డిజిటల్ కెమెరా ఉంది, 24 మెగాపిక్సెల్, బాగా దగ్గర్నుంచి తీసే మ్యాక్రో లెన్సు కూడా ఉంది. స్టాండ్ కావాలి. అటక మీద నెగటివ్‌ల నుంచి ప్రింట్లు వేసే నా పాత ఎన్‌లార్జర్ ఉందని గుర్తొచ్చి దింపా, తల తీసేస్తే మిగిలేది ఒక బరువైన చెక్క, దానికో స్తంభం, పైకీ కిందకీ జరిగే చెయ్యి, అంటే కాపీ స్టాండే. కెమెరా బిగించడానికి పావంగుళం బోల్టు కావాలి, అంగుళానికి 20 చుట్లున్నది. హార్డ్‌వేర్ షాపులో మిల్లీమీటర్ల బోల్టులే ఇస్తున్నారు, ఎం6 దాదాపు దూరినట్టే దూరి రెండు చుట్ల తర్వాత బిగుసుకుంటుంది, బలవంతం చేస్తే కెమెరా అడుగున మర పోతుంది. చివరికి లేత్ షాపు కుర్రాడు పాత ట్రైపాడ్ నుంచి ఒకటి కోసిచ్చాడు, టీ డబ్బులు కూడా తీసుకోలా.

3, 4 రోజులు

లైటు దగ్గరే తల్లకిందులయ్యా. పిల్లలు బొమ్మలు ట్రేస్ చేసుకునే ఎల్ఈడీ పలక ఒకటి తెచ్చి నెగటివ్‌ని నేరుగా దాని మీద పెడితే ఫోటో నిండా చుక్కలు చుక్కలు, పలక లోపలి డిజైనంతా ఫోకస్‌లోకి వచ్చేసింది. నెగటివ్‌ని పలక నుంచి ఎత్తాలి. పాలరంగు అక్రిలిక్ షీట్ ముక్క, దాని కింద రెండు అగ్గిపెట్టెలు, పైన నల్ల అట్టలో 6 బై 6 కన్నం కోసి హోల్డర్. గాజు కింద నొక్కి చూశా గాని ఇంద్రధనస్సు రింగులు పడుతున్నాయి, గాజు వద్దు. వంకరగా ఉన్న ఫిల్ములు లావు పుస్తకాల కింద పెట్టా, వారం పడుతుంది.

కెమెరా సరిగ్గా నెగటివ్‌కి ఎదురుగా ఉందో లేదో చూడ్డానికి ఒక చిట్కా ఉంది, తెలియని వాళ్ల కోసం రాస్తున్నా: నెగటివ్ పెట్టే చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూడండి, లెన్సు తన బొమ్మనే తను సరిగ్గా మధ్యలో చూసుకుంటుంటే సమంగా ఉన్నట్టు. నాది ఒక పక్కకి వాలి ఉంది, ఎన్‌లార్జర్ చెక్క కింద పోస్టుకార్డు మడిచి పెడితే సరిపోయింది. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రెండు సెకన్ల టైమర్. ఫ్యాన్ ఆపాలి! ఫ్యాన్ గాలికే స్తంభం ఊగుతుంది, ఇది కనుక్కోవడానికి నాకు ముప్పై షాట్లు పట్టింది.

6వ రోజు

ఫంగస్ ఉన్నవాటిని కడిగా. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు, అందులో పాత్రలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, పది నిమిషాలు నానబెట్టి బాత్రూంలో బట్టల క్లిప్పులకి వేలాడదీశా. బాత్రూం ఎందుకంటే అక్కడ దుమ్ము తక్కువ, వేడినీళ్లు కాసేపు వదిలితే ఆవిరికి దుమ్మంతా కిందకి దిగిపోతుంది, చిన్నప్పుడు కూడా అదే చేసేవాణ్ణి, కాకపోతే అప్పుడు బాత్రూం కాదు, పెరట్లో తడికల స్నానాల గది. మా ఆవిడ మూడు గంటల సేపు బాత్రూం కోసం బయట నిలబడి ఏమన్నదో ఇక్కడ రాయను.

8వ రోజు

ఇవాళ బాగా జరిగింది, పదిహేడు ఫ్రేములు. కంప్యూటర్లో నలుపు తెలుపు తిరగేసి చూస్తుంటే ఒక్కొక్కటి వస్తుంటే చేతులు ఆడలా.

1979 జులై. మా అవ్వ నట్టింట్లో దేవుడి పటం కింద కూర్చుని ఉంది, చేతిలో జపమాల, మొహంలో భయం. స్కైలాబ్! ఆ నెల్లో ఊళ్లో ఇంకో మాట లేదు. అమెరికా వాళ్లు పంపిన 77 టన్నుల అంతరిక్ష స్టేషన్ పడబోతుందని, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదని రేడియోలో చెప్పేసరికి కోళ్లు కోసుకు తినేసిన వాళ్లున్నారు, అప్పు తీర్చనవసరం లేదన్న వాళ్లున్నారు, అప్పు ఇప్పుడే కట్టమన్న వాళ్లూ ఉన్నారు. జులై 11 రాత్రి అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి ఎడారిలోనూ ముక్కలై పడింది. మా అవ్వ నమ్మలా, ఇంకో ముక్క మిగిలుంటుంది, అది మన శ్రీహరికోటనే వెతుక్కుంటూ వస్తుంది అని వారం పాటు మిద్దె ఎక్కనివ్వలా.

ఇంకోటి 1980 ఫిబ్రవరి 16, సూర్యగ్రహణం. మాకు సంపూర్ణం కాదు, సంపూర్ణం పైన రాయచూరు, రంగాపురం అబ్జర్వేటరీ వైపు. మధ్యాహ్నం మూడున్నర దాటాక వీధిలో కుక్క కూడా లేదు, తలుపులన్నీ వేసుకున్నారు, నేను పెరట్లో వేపచెట్టు కింద నేల ఫోటో తీశా. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలన్నీ నెలవంకలై ఉన్నాయి, వందల నెలవంకలు, పక్కన నా హవాయి చెప్పు. ఈ ఫోటో తీసినట్టు నాకు గుర్తే లేదు! నా జీవితంలో తీసిన వాటిలో ఇదే బెస్టేమో, ఒక్కసారి కూడా ప్రింట్ వేయలేదు.

9వ రోజు

రాకెట్ దొరికింది. మూడేసి ఫ్రేములుగా కోసిన ముక్కల్లో ఒకదాని మధ్యలో ఉంది. పిట్టగోడ, కుడివైపు పక్కింటి వాళ్ల కొబ్బరిచెట్టు, దాని మీదుగా ఆకాశంలో సన్నటి తెల్ల గీత వంకర తిరిగి, పైన చివర ఒక చుక్క. ఎడమ పై మూలంతా ఎండ పడి తెల్లగా పొంగిపోయింది. ఎనిమిది గంటలప్పుడు తూర్పుకి తిప్పి తీస్తే ఎండ లెన్సులో పడక ఇంకెక్కడ పడుతుంది.

ఆ చుక్క రాకెట్టా మంటా అని లెక్క వేశా. ఎస్ఎల్‌వీ 3 పొడుగు 22 మీటర్లు. మా మిద్దెకి ప్యాడ్‌కి 20 కిలోమీటర్లు అటూ ఇటూ. క్లిక్ త్రీ లెన్సు ఫోకల్ లెంగ్త్ దాదాపు 7 సెంటీమీటర్లు. గుణిస్తే నెగటివ్ మీద రాకెట్ పొడుగు 0.08 మిల్లీమీటర్, అంటే నా స్కాన్‌లో ఐదు పిక్సెళ్లు. ఐదు! లెన్సు దగ్గరికి దించి ఆ ముక్క మాత్రమే తీస్తే ఇరవై దాకా వస్తాయి గాని అందులో కనిపించేది ఫిల్ము మీది వెండి గింజలే, రాకెట్ కాదు. కాబట్టి నలభై ఏళ్లుగా నేను రాకెట్ అని చూపిస్తున్నది మంట వెలుగు, దాని వెనక పొగ. పోనీలే. మా ఊళ్లో ఎవరు చూసినా అదే చూశారు, మంట, పొగ, తర్వాత దాదాపు నిమిషానికి శబ్దం. 20 కిలోమీటర్లు నడిచి రావాలి కదా శబ్దం. ఆ ఉరుము మిద్దె దాకా వచ్చేసరికి రాకెట్ ఎక్కడో సముద్రం మీద ఉంటుంది, మనం మాత్రం అప్పుడే బయల్దేరినట్టు చెవులు మూసుకుంటాం.

అంతకుముందు కూడా షార్ నుంచి, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం నుంచి, రాకెట్లు లేచేవి, 1971 అక్టోబరులో మొదటి రోహిణి 125 రాకెట్ లేచింది, అప్పుడు నాకు ఏడేళ్లు. కానీ అవి చిన్నవి, సన్నగా పోయేవి. ఇది 17 టన్నులు, నాలుగు దశలు. నా క్లాసులో షార్ ఉద్యోగి కొడుకు ఒకడు ఉండేవాడు, వాడు ముందు రోజు సాయంత్రం "రేపు పొద్దున మిద్దె ఎక్కు" అని మాత్రం చెప్పి పోయాడు.

ఇక్కడిదాకా బానే ఉంది. ఇప్పుడు గొడవ.

10వ రోజు

ఆ ముక్కలో రాకెట్‌కి ముందు ఫ్రేమ్ వరలక్ష్మీ వ్రతం. కలశం, కొబ్బరికాయకి పసుపు ముద్ద మొహం, అమ్మ పట్టుచీర అంచు. రాకెట్ తర్వాత ఫ్రేమ్ మా స్కూలు గ్రౌండ్లో జెండా, పిల్లలు వరసగా, అంటే ఆగస్టు 15.

రాకెట్ జులై 18న అయితే దానికి ముందు వరలక్ష్మీ వ్రతం ఎట్లా వస్తుంది?

రాత్రి పన్నెండు దాకా ఇదే. రోలు అంతకు ముందు సంవత్సరం మొదలుపెట్టి ఏడాది పాటు అట్టే పెట్టానా? వ్రతం 79ది, రాకెట్ 80ది, జెండా 80ది? జరగొచ్చు, ఆ రోజుల్లో రోలు అంటే బంగారం, సంక్రాంతికి మొదలెట్టింది దసరాకి అయ్యేది. కాని గ్రహణం ఫోటో ఉందే, ఫిబ్రవరి 80ది, అది వేరే రోలు. కెమెరా నాకు ఒక్కటే. ఒక రోలు సగంలో తీసేసి ఇంకోటి వేసి మళ్లీ ఇది వేయడం ఆ డబ్బా కెమెరాతో అయ్యే పని కాదు.

11వ రోజు

పొద్దున్నే పక్క వీధి పంతులుగారి దగ్గరికి పోయా, ఆయన వాళ్ల నాన్నగారి కాలం నుంచి పంచాంగాలు ఒక్కటి కూడా పారేయలేదు, ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. "రాకెట్‌కి ముహూర్తం చూడమంటారా ఏంటి" అని నవ్వుతూనే 80ది, 79ది రెండూ తీశారు.

1980, రౌద్రి నామ సంవత్సరం: ఆ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది, పండగలన్నీ వెనక్కి జరిగాయి. జులై 18 ఆషాఢం. శ్రావణం మొదలయ్యేదే ఆగస్టు 11న, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 22. అంటే ఆ సంవత్సరం వరస రాకెట్, జెండా, వ్రతం. నా ముక్కలో వరస అది కాదు.

1979, సిద్ధార్థి నామ సంవత్సరం: వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 3. జెండా ఆగస్టు 15. మధ్యలో, ఆగస్టు 10, ఎస్ఎల్‌వీ 3 మొదటి ప్రయోగం. ఫెయిలైంది.

పంతులుగారింట్లో కాఫీ చల్లారిపోయింది.

రెండు ప్రయోగాలూ శుక్రవారాలే, అదీ చూశాం. రెండూ పొద్దున ఎనిమిదికి అటూ ఇటూ. ఇంటికొచ్చి స్టెల్లేరియంలో, ఏ రోజు ఆకాశమైనా చూపించే సాఫ్ట్‌వేర్ అది, సూర్యుణ్ణి పెట్టి చూశా, 79 ఆగస్టు 10న ఉత్తరం నుంచి 79 డిగ్రీల్లో ఉన్నాడు, 80 జులై 18న 73లో, ఎత్తు 28, 30. ఫ్రేములో సూర్యుడే ఉంటే ఆ ఆరు డిగ్రీలు కొలిచేవాణ్ణి, ఉన్నది మూలన పొంగిన తెలుపే, దాంతో ఏం తేలదు. పొగ కూడా తేడా ఉండదు, ఎందుకంటే 79లో మొదటి దశ బాగానే మండింది, తేడా వచ్చింది రెండో దశలో, కంట్రోల్ సిస్టంలో నైట్రిక్ యాసిడ్ లీకై. 317 సెకన్లకి సముద్రంలో పడిపోయింది. మిద్దె మీద నుంచి చూసినోడికి రెండూ ఒకటే రాకెట్.

సాయంత్రం అక్కకి ఫోన్ చేశా. అక్క చెన్నైలో ఉంటుంది, డెబ్భైకి దగ్గర పడింది, జ్ఞాపకం మాత్రం రైల్వే టైం టేబులు.

"అక్కా, మనం రాకెట్ చూసిన రోజు నువ్వు మిద్దె మీద ఉన్నావు కదా?"

"ఉన్నా. తలంటి పోసుకుని జుట్టు ఆరబెట్టుకుంటా ఉంటే నువ్వు అడ్డం లే అడ్డం లే అని అరుస్తుండావు. శ్రావణ శుక్రవారం అబ్బయ్యా, అమ్మ కింద పూజకి పిలుస్తా ఉంది."

"శ్రావణమా? జులై కదా?"

"నీ మొహం. ఆ రోజు మనం చప్పట్లు కొట్టి కిందకి పోయి పులిహోర తిన్నాం, సాయంత్రం రేడియోలో పడిపోయిందని చెప్పారు. అవ్వ ఏమందో గుర్తులేదా? అమెరికాది మన మీద పడలా, మనది కూడా మన మీద పడలా, ఇంతకన్నా ఏం కావాలి అంది."

గుర్తొచ్చింది. అవ్వ మాట గుర్తొచ్చింది, గొంతుతో సహా.

"మరి 80ది? 80 ఫోటో ఏమైంది అక్కా?"

అక్క కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత నవ్వింది. "నిజంగానే మర్చిపోయావా నువ్వు? ఆ ఫిల్ము నువ్వే పాడు చేసుకున్నావు కదరా. చేసుకుని, పోయిన సంవత్సరం ఫోటోనే తీసుకుపోయి స్కూల్లో బోర్డుకి అంటించావు. హెడ్మాస్టరు నీ వీపు తట్టాడంట. అమ్మకి చెప్పొద్దని నాకు రిబ్బన్లు కొనిచ్చావు."

పెళ్లి చూపుల్లో ఆల్బం చూపించింది కూడా అక్కే. "మరి అప్పుడెందుకు చెప్పలా" అంటే, "రిబ్బన్లు తీసుకున్నా కదా" అంది.

13వ రోజు

నిన్న ఏం చేయలా.

ఇవాళ వెనిగర్ వాసన కవరు మళ్లీ తీశా. అడుగున బటర్ పేపర్ కవర్ ఒకటి, పెన్సిల్‌తో నా రాత, 18.7.80. లోపల ఒక రోలు, కోయనిది, గాజు లాగా తెల్లగా. ఏం లేదు దాంట్లో. మామూలుగా ఎక్స్‌పోజ్ కాని ఫిల్ముని డెవలప్ చేసినా అంచు మీద కంపెనీ అక్షరాలన్నా వస్తాయి, నా మిగతా రోళ్లన్నిటికీ ఉన్నాయి. దీనికి అవి కూడా లేవు. అంటే బొమ్మ తెప్పించే డెవలపర్ కన్నా ముందు, చివర్లో వాడాల్సిన హైపోలో వేశా. హైపో ముందు తగిలితే వెలుగు పడిందీ పడందీ తేడా లేకుండా వెండి ఉప్పు మొత్తం కరిగి పోతుంది, ఆ తర్వాత డెవలపర్లో వెయ్యి ఏళ్లు ఉంచినా ఏం రాదు.

ఎట్లా జరిగిందో కూడా ఇప్పుడు తెలుస్తోంది. డి 76 డెవలపర్ ఇంట్లోనే కలుపుకునేవాణ్ణి, లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2, కొలవడానికి అక్క వాళ్ల కంసాలి బంధువు దగ్గర అరువు తెచ్చిన త్రాసు. డెవలపరూ హైపో రెండూ ఒకే రకం టానిక్ సీసాల్లో పోసి పెట్టేవాణ్ణి, మూతలకి దారం కట్టి గుర్తు, డెవలపర్‌కి ఎర్రది. చీకట్లో ఎర్ర దారమేంటి నల్ల దారమేంటి! అంత తెలివిగల గుర్తు. ఆ రోజు తొందర కూడా, ఊరంతా పండగలా ఉంది, కుర్రాళ్లు ఫోటో ఎప్పుడు చూపిస్తావని ఇంటి ముందు కూర్చుని ఉన్నారు.

79లో ఫెయిలైనప్పుడు ఇస్రో ఛైర్మన్ ధవన్ గారు ప్రెస్ ముందుకి తనే వచ్చారని, 80లో గెలిచినప్పుడు ప్రాజెక్టు నడిపిన కలాం గార్ని పంపించారని అందరూ చెప్పుకుంటారు కదా, నేను సరిగ్గా దానికి తిరగేసి చేశా. ఫెయిలైన రాకెట్ ఫోటోని తీసుకుపోయి గెలిచిన దాని కింద అంటించా, నా ఫెయిల్యూర్‌ని కవర్లో పెట్టి డబ్బా అడుగున దాచా. దాచడం వరకు గుర్తుండాలి కదా, అదే మర్చిపోయా. రెండు మూడేళ్లు చెప్పిన అబద్ధం ఉంటే నాలుగో ఏడు నుంచి అది జ్ఞాపకమే అయిపోతుందనుకుంటా. ఆ 80 పొద్దున మిద్దె మీద నేనేం చూశానో ఇప్పుడు ఎంత ఆలోచించినా రావట్లేదు, వచ్చేదంతా 79దే, తడి జుట్టూ పులిహోరా.

15వ రోజు

రాకెట్ ఫ్రేమ్ ఫైనల్ స్కాన్ అయింది. తొమ్మిది ముక్కలుగా తీసి కలిపా, గీతలు రెండు మూడు చేత్తో సరిచేశా, మూలన ఎండ పొంగింది మాత్రం అట్లాగే ఉంచా. ఒకచోట నల్ల గీత ఉంటే గీరుడు అనుకుని చెరిపేయబోయా, పెద్దది చేసి చూస్తే అక్క జుట్టు అంచు, అడ్డం లేస్తూ లేస్తూ ఫ్రేములో పడింది. అది కూడా ఉంచా. ఫైల్ పేరు మార్చా: ఎస్ఎల్‌వీ 3, 10-8-79. ప్రింట్లు రెండు ఆర్డర్ ఇచ్చా, ఒకటి అక్కకి. ఆల్బంలో పాత ప్రింట్ కింద తేదీ కొట్టేసి కొత్తది రాశా, మా ఆవిడ చూసి "అంటే నాకు చూపించింది ఫెయిలైందా" అంది, ఔనన్నా.

గ్రహణం నెలవంకలది ఇంకా పెద్ద ప్రింట్ వేయించాలి. హాల్లోకి అదే.

16వ రోజు

మిగిలింది తెల్ల రోలు. స్కాన్ చేయడానికి ఏముంది దాంట్లో, పారేయొచ్చు. కాని లైటు ఇంకా ఆన్‌లోనే ఉంది, కెమెరా బిగించే ఉంది, ఫ్యాన్ ఆపే ఉంది. ఫ్రేములంటూ లేవు కాబట్టి రోలుని 6 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున కొలుచుకుంటూ పన్నెండూ తీశా, ఫైల్ పేర్లు 18-7-80 ఒకటి నుంచి పన్నెండు. దుమ్ము తప్ప ఏం లేదు, ఐదో దాంట్లో మాత్రం ఒక వేలిముద్ర ఉంది. చిన్నది, పదహారేళ్ల వాడిది.